మారిషస్‌లో ఫ్రెండ్ వాళ్ళతో సముద్రం ఒడ్డున ఆరు రోజులు, ఇలా ఉండొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి

అలలపక్కన అడిగారు:

అందరికీ నమస్తే అండి. ఆగస్టు మొదటి వారంలో మేం మారిషస్ వెళ్తున్నాం. నేను, మా ఆయన, పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి అయిదేళ్ళు, ఇంకా మా అత్తగారు. మొత్తం పది రోజులు. టికెట్లు బుక్ అయిపోయాయి, ఇక వెనక్కి తగ్గేది లేదు, కానీ ఒక విషయం తేలక నిద్ర పట్టట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

అక్కడ నాకో ఫ్రెండ్ ఉంది. ఆరేళ్ళు ఒకే ప్రాజెక్టులో పనిచేశాం, నేనిక్కడ తనక్కడ, రోజూ కాల్స్‌లో మాట్లాడుకుని మాట్లాడుకుని సొంత చెల్లెలిలా అయిపోయింది. నేరుగా కలిసింది మాత్రం ఒక్కసారే. వాళ్ళ పూర్వీకులు 19వ శతాబ్దంలో చెరుకు తోటల పనికని ఓడెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళు. ఇంటిపేరు పలికితే మనదే అని తెలిసిపోతుంది గానీ రాసేది మాత్రం ఫ్రెంచి పద్ధతిలో. తెలుగు వింటే కొంచెం అర్థమవుతుంది, మాట్లాడ్డం నమస్కారం, బాగున్నారా దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో అందరూ క్రియోల్‌లోనే, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి భాషలోనే మాట్లాడుకుంటారు.

వాళ్ళ కుటుంబమంతా ప్రతి ఆగస్టు స్కూలు సెలవుల్లో ఆగ్నేయం వైపు ప్వాంత్ దెస్నీ అనే చోట సముద్రం ఒడ్డున ఒక ఇల్లు వారం రోజులకి అద్దెకి తీసుకుంటారట, దాన్ని వాళ్ళు కాంప్‌మాన్ అంటారు. ఈసారి మీరూ మాతోనే ఉండండి, హోటల్ గీటల్ ఏం వద్దు అని పట్టుబట్టింది. పది రోజుల్లో ఆరు రోజులు అక్కడే. వాళ్ళ అమ్మ, అమ్మమ్మ, అన్నా వదినలు, వాళ్ళ పిల్లలు, మేం అయిదుగురం, అందరం కలిపి పద్నాలుగు మందిమి.

నా సందేహాలు ఇవీ. ఒకటి, అయిదుగురం కలిసి ఆరు రోజులు ఒకరింట్లో పడి తినడం భారం కాదా? డబ్బు సంగతి ఎలా ఎత్తాలి, ఎత్తితే నొచ్చుకుంటారేమో, ఎత్తకపోతే నాకు మనసొప్పదు. రెండోది, మా ఆయన ఇప్పటికే పెద్ద లిస్టు రాసి పెట్టుకున్నారు, షమరెల్ రంగుల మట్టి, ఈల్ ఓ సెర్ఫ్ దీవి, డాల్ఫిన్లు, రాజధాని పోర్ట్ లూయీ, ఇంకా ఏవేవో. నాకు మాత్రం ఏ ఊరూ తిరగాలని లేదు. పోయినేడాది మా నాన్నగారు పోయారు, అంతకుముందు ఎనిమిది నెలలు హాస్పిటల్ చుట్టూ తిరిగాను, ఆ తర్వాత అమ్మని చూసుకోవడం, పేపర్ల పనులు, ఆఫీసు, ఒక్క రోజు కూడా ఊరికే కూర్చుంది లేదు. ఈ ఆరు రోజులు నాకు నిజంగా విశ్రాంతి కావాలి. కానీ వేరేవాళ్ళ ఇంట్లో విశ్రాంతి అనేది కుదిరే పనేనా అన్నదే నా అసలు ప్రశ్న.

అత్తగారు శాకాహారి, అక్కడేమో అందరూ చేపలు తింటారు. ఆగస్టు అక్కడ చలికాలం అంటున్నారు, నీళ్ళలోకి దిగగలమా అనేది కూడా చెప్పండి.

రెండు_సూట్‌కేసులు:

అండీ, నేను కొంచెం నిక్కచ్చిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆరు రోజులు ఎక్కువ. మూడు రోజులు వాళ్ళతో ఉండి మిగతా మూడు రోజులు దగ్గర్లోనే ఒక చిన్న గెస్ట్‌హౌస్ తీసుకోండి. నేను వేరే దేశంలో మా బంధువుల స్నేహితులింట్లో వారం ఉన్నాను, మనుషులు బంగారం, కానీ అయిదో రోజుకి వాళ్ళకీ నాకూ మాటలు తగ్గిపోయాయి, బాత్రూమ్ ఎవరు ముందు వెళ్ళాలి అన్నది కూడా మొహమాటమే. పద్నాలుగు మందికి బాత్రూములు ఎన్నో ముందే అడగండి, అది అడగడంలో తప్పేమీ లేదు.

ఇంకోటి, ఇండియా పాస్‌పోర్టు అయితే టూరిస్టు వీసా ఎయిర్‌పోర్టులో దిగాక ఇస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. కానీ తిరుగు టికెట్టు, ఉండబోయే చోటు వివరాలు చూపించాలి. హోటల్ బుకింగ్ ఉంటే కాగితం చూపించి వచ్చేయొచ్చు, ఫ్రెండ్ దగ్గర అంటే ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, మా దగ్గరే ఉంటారు అని తను రాసి సంతకం పెట్టిన చిన్న ఉత్తరం చేతిలో పెట్టుకోండి. అత్తగారి కాపీ అత్తగారి దగ్గర ఉండాలి, అందరివీ మీ బ్యాగులో పెట్టుకోవద్దు. బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో నింపే ట్రావెల్ ఫారం కూడా ఉంది, అందులోనూ అడ్రసు అడుగుతారు.

సరుగుడునీడ:

మీ పోస్టు చదివి ఆగలేకపోయాను అక్కా. రెండేళ్ళ కిందట జూలైలో మేం సరిగ్గా ఇలాగే వెళ్ళాం, మా ఆయన చదువుకునేటప్పటి స్నేహితుడి కుటుంబంతో, తూర్పు ఒడ్డున బెల్ మార్ దగ్గర అయిదు రోజులు. నా సమాధానం ఒక్కటే, విశ్రాంతి దొరుకుతుంది, కానీ మొదటి రెండు రోజులు దొరకదు. ఎందుకో చెప్తాను.

వెళ్ళిన రోజు మేం చుట్టాల్లా కూర్చున్నాం. ఆ ఇంటి పెద్దావిడ పొద్దున్నే లేచి అందరికీ టీ, బ్రెడ్డు, తర్వాత వంట, నేను వెళ్ళి ఏమైనా చేయనా అంటే చేతులు ఊపేసి కూర్చో కూర్చో అనేవారు. నేను వెళ్ళి కూర్చునేదాన్ని, కూర్చుని ఆవిడ పని చూస్తూ లోపల్లోపల ఇబ్బంది పడేదాన్ని. మూడో రోజు పొద్దున అయిదున్నరకే మెలకువ వచ్చేసింది, బయటికొచ్చి చూస్తే ఆవిడ వెనక వరండాలో చాప మీద పెద్ద ఆకుకూర కట్ట ముందేసుకుని కూర్చున్నారు. దగ్గరికెళ్ళి చూస్తే మునగాకు! అక్కడ దాన్ని బ్రెడ్ మురుమ్ అంటారు, ఆకుకూరలన్నీ వాళ్ళకి బ్రెడ్‌లే. నేనేం అడగలేదు, పక్కన కూర్చుని రెమ్మ తీసుకుని ఆకు దూయడం మొదలుపెట్టా. ఆవిడ నా చేతుల వైపు చూశారు, కాడలోంచి ఒక్క లాగుతో ఆకంతా రావడం చూసి నవ్వి ఇంకో కట్ట నా వైపు తోశారు. అంతే. ఆ క్షణం నుంచి ఎవరూ నన్ను చుట్టంలా చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకుంటే నేను కూడా పడుకుని నిద్రపోయాను, అంతకుముందు రెండు రోజులు వాళ్ళంతా నిద్రపోతుంటే నేను మాత్రం మర్యాద కోసం కుర్చీలో నిటారుగా కూర్చున్నా.

అందుకే చెప్తున్నా, వాళ్ళ రోజు ఎలా నడుస్తుందో అందులోకి మీరు దిగిపోండి, మీ కోసం వాళ్ళు రోజుని మార్చుకునే పరిస్థితి తీసుకురావద్దు. పొద్దున ఒక పని మీ వంతు అని మీరే పట్టేసుకోండి, అడిగితే వద్దంటారు, అడక్కండి. మా ఆయన గిన్నెలు తోమడం తీసుకున్నారు, పిల్లలకి సాయంత్రం వరండాలో ఇసుక ఊడ్చే పని. ఆ ఇసుక ఉంది చూశారా, ఎంత ఊడ్చినా మంచాల్లోకి, అన్నంలోకి వస్తుంది, దాన్ని ఊడ్చేవాళ్ళంటే ఆ ఇంట్లో అందరికీ ప్రేమే.

గాలి గురించి. ఆ నెలల్లో ఆగ్నేయం నుంచి గాలి ఆగకుండా వీస్తుంది, తూర్పు ఒడ్డున మరీ ఎక్కువ. ఒడ్డంతా సరుగుడు చెట్లే, వాళ్ళు ఫిలావో అంటారు, రాత్రి ఆ చెట్ల హోరు వింటే వాన పడుతోందేమో అనిపిస్తుంది, లేచి కిటికీ తీస్తే నక్షత్రాలు. నాకు ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నీళ్ళు చల్లగా ఉంటాయి, ఇరవై రెండు ఇరవై మూడు డిగ్రీలు, దిగేటప్పుడు జిల్లుమంటుంది, రెండు నిమిషాలకి అలవాటైపోతుంది. పిల్లలు బయటికి రారు. మీరు మాత్రం అత్తగారికి శాలువా, సాక్సులు, మందపాటి దుప్పటి ఒకటి పెట్టుకోండి, అద్దె ఇళ్ళలో దుప్పట్లు తక్కువ ఉంటాయి. సాయంత్రం ఆరు లోపే చీకటి పడిపోతుంది, ఏడింటికి భోజనం, తొమ్మిదికి ఇల్లంతా నిద్ర. నాకైతే అదే అన్నిటికన్నా పెద్ద విశ్రాంతి.

లిస్టు సంగతి మీ ఆయనతో ఇప్పుడే మాట్లాడండి, అక్కడికెళ్ళాక కాదు. షమరెల్ వగైరా ప్వాంత్ దెస్నీ నుంచి ఒక వైపుకే గంట పైన పడుతుంది, అవన్నీ మిగతా నాలుగు రోజుల్లో పెట్టుకోమనండి. ఆ ఆరు రోజుల్లో కారు తాళాలు ఎవరికైనా దాచి పెట్టమని ఇచ్చేయండి.

ఎబెన్_నుంచి:

నేను ఇక్కడ మారిషస్‌లోనే ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాను అండి, ఎబెన్ అనే చోట ఉద్యోగం. మీ ఫ్రెండ్ పిలిచింది మర్యాదకి కాదు, అది ముందు నమ్మండి. ఇక్కడ కాంప్‌మాన్ అంటే ఒంటరిగా వెళ్ళే చోటు కాదు, ఎంతమంది ఉంటే అంత సందడి అనుకుంటారు, ఒక గదిలో నేల మీద పరుపులేసి పిల్లలందర్నీ వరసగా పడుకోబెట్టడం మామూలు విషయం. మీరు రాకుండా హోటల్‌కి వెళ్తేనే నిజంగా బాధపడతారు. పైన అన్నట్టు మూడు రోజులు గెస్ట్‌హౌస్ అనేది వేరే చోట సరైన సలహా కావచ్చు, ఇక్కడ మాత్రం నేను చెప్పను.

డబ్బు విషయం. అద్దె ఇల్లు కాబట్టి సులువు. వెళ్ళేముందే ఫోన్‌లో, అద్దెలో మా వాటా ఎంతో చెప్పు, లేకపోతే నాకు సిగ్గుగా ఉంటుంది, అని నేరుగా అడిగేయండి, ఆన్‌లైన్‌లో రోజూ కలిసి పనిచేసినవాళ్ళు కదా, మీ మధ్య ఆ చనువు ఉంటుంది. అద్దె తీసుకోనంటే సామాన్లు మీరు కొనండి. మొదటి రోజే వాళ్ళతో కలిసి సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి బియ్యం, నూనె, పాలు, పళ్ళు, గ్యాస్ సిలిండర్ అన్నీ మీరు బిల్లు కట్టేయండి. చివరి రోజు కవర్లో డబ్బు పెట్టి చేతికివ్వడం మాత్రం చేయకండి, అది ఇక్కడ బాగోదు.

అత్తగారి భోజనం గురించి బెంగ వద్దు. కారెమ్ అన్న ఒక్క మాట నేర్చుకోండి, ఉపవాసానికీ నీచు మానేసి తినడానికీ ఇక్కడ హిందువుల ఇళ్ళలో అదే మాట. ఏడాదిలో చాలా రోజులు ఆ ఇళ్ళలో వాళ్ళే కారెమ్ ఉంటారు, గిన్నెలు కూడా వేరుగా పెట్టే పెద్దవాళ్ళు ఉన్నారు. దాల్ పూరి తినిపించండి, పప్పు కూరిన పల్చటి రొట్టె, బొబ్బట్టు లాంటిదే కానీ తీపి లేకుండా, జతల్లెక్కన అమ్ముతారు, లోపల చిక్కుడు గింజల కూర, చట్నీ పెట్టి చుట్టి ఇస్తారు. మోటార్ సైకిల్ వెనక అద్దాల పెట్టె కట్టుకుని బీచ్‌కే వస్తారు. చేపల కూరలో ఒకటి ఉంది, విందాయ్, ఆవాలు పసుపు నూరి చేస్తారు, మీరు తింటే వదిలిపెట్టొద్దు.

తెచ్చే సామాన్లలో తాజా కరివేపాకు, పళ్ళు, విత్తనాలు పెట్టుకోకండి, పర్మిట్ లేకుండా మొక్కల సరుకు రానివ్వరు. ప్లాస్టిక్ సంచులు కూడా ఇక్కడ నిషేధం, గుడ్డ సంచులు తెచ్చుకోండి. వాళ్ళ అమ్మమ్మ గారికి గాజులు, ఒక మంచి నేత చీర తెండి. మిగతా ఏ బహుమతీ అంత నచ్చదు.

ప్వాంత్ దెస్నీ చాలా మంచి చోటు, ఎయిర్‌పోర్టుకి పావుగంట ఇరవై నిమిషాలు. పక్కనే బ్లూ బే, అక్కడ పగడాలు ఉన్న మెరైన్ పార్కు, ఈత కొట్టే చోటు చుట్టూ బోయాలు, అంటే నీళ్ళ మీద తేలే గుర్తులు కట్టి ఉంటాయి, పిల్లలకి అదే క్షేమం. ఆదివారం మాత్రం బ్లూ బే వెళ్ళొద్దు, దేశమంతా అక్కడే ఉన్నట్టుంటుంది, లేదా సందడి చూడాలంటే ఆదివారమే వెళ్ళండి. సోమవారం దగ్గర్లోని మాహెబూర్ ఊళ్ళో సంత. ఊరికే ఒక పూట ఏదైనా చూడాలనిపిస్తే ఎదురుగా కనిపించే ఈల్ ఓ జెగ్రెత్ దీవి చాలు, ఒడ్డుకి కిలోమీటరు దూరం కూడా ఉండదు, 26 హెక్టార్ల చిన్న దీవి. గులాబి రంగు పావురాలు ఉంటాయి, 1990 నాటికి అడవిలో అవి పది దాకా మాత్రమే మిగిలాయి, వాటిని కాపాడి పెంచిన చోట్లలో ఇదొకటి. పెద్ద తాబేళ్ళు దారికి అడ్డంగా పడుకుని ఉంటాయి, మీ బాబుకి అయిదేళ్ళు అన్నారు కదా, వాడంత పొడుగుంటాయి. మాహెబూర్‌లోనే 1870 నుంచి కర్రపెండలం పిండితో బిస్కెట్లు చేస్తున్న రో వాళ్ళ చిన్న ఫ్యాక్టరీ ఉంది, అది కూడా గంట పనే.

ఒక మాట చెప్పాలి. ఆ నీళ్ళని చూసేటప్పుడు 2020 గుర్తుంచుకోండి. ఆ ఏడాది జూలై 25న వకాషియో అనే పెద్ద ఓడ సరిగ్గా ప్వాంత్ దెస్నీ ఎదుట పగడాల గట్టుకి తగులుకుంది, ఆగస్టు 6న అందులోంచి నూనె కారడం మొదలైంది, దాదాపు వెయ్యి టన్నులు. ప్రభుత్వం ఏదో చేస్తుందని ఎవరూ ఆగలేదు, మాహెబూర్ ఒడ్డుకి జనం వేలల్లో వచ్చారు. నేనూ వెళ్ళాను. ఎండిన చెరుకాకు లారీల్లో తెచ్చి పోస్తే దాన్ని గుడ్డ సంచుల్లో కూరి, కుట్టి, మధ్యలో ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పెట్టి, పొడుగ్గా కట్టి నీళ్ళలో వేశాం, నూనె లోపలికి రాకుండా. నా పక్కన కూర్చుని కుట్టిన ముసలావిడకి ఎనభై ఉంటాయి, చేతులు చెరుకాకు కోసుకుపోయినా లేవలేదు. జుట్టు నూనెని పీల్చుకుంటుందని తెలిసి సెలూన్లలో జుట్టు కత్తిరించి ఇచ్చినవాళ్ళు ఎంతమందో. మీ ఫ్రెండ్ వాళ్ళని అడగండి, ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఆ రోజుల్లో అక్కడ ఉండే ఉంటారు. ఆ సముద్రంతో వాళ్ళకున్న సంబంధం అప్పుడు తెలుస్తుంది.

ఉప్పునీళ్ళు:

అందరూ మంచి విషయాలు చెప్పారు, నేను ఒక్క జాగ్రత్త చెప్పి పోతాను. చెప్పుల్లేకుండా నీళ్ళలో దిగకండి, పిల్లల్ని అసలు దిగనివ్వకండి. గట్టి అడుగు ఉన్న సీ షూస్ అయిదుగురికీ కొనండి. అక్కడ నీళ్ళు మోకాలి లోతే ఉంటాయి చాలా దూరం, అద్దంలా ఉంటాయి, అందుకే ధైర్యం వస్తుంది, కానీ కింద పగడపు ముక్కలు, ముళ్ళున్న సీ అర్చిన్లు, స్టోన్ ఫిష్ కూడా ఉంటాయి. స్టోన్ ఫిష్ అచ్చం రాయిలాగే ఉంటుంది, వీపు మీద విషం ముళ్ళు. గుచ్చుకుంటే పట్టుకోగలిగినంత వేడి నీళ్ళలో పాదం ముంచి ఉంచాలి, వేడికి ఆ విషం బలం తగ్గుతుంది, ముంచిన పాదంతోనే వెంటనే హాస్పిటల్‌కి బయల్దేరాలి. అంబులెన్సుకి 114. నాకు గుచ్చుకున్నది సీ అర్చిన్ ముల్లే, అయినా రెండు రోజులు నడవలేకపోయాను, అందుకే ఇంత చెప్తున్నా.

పగడాల గట్టు లోపల అలలు ఉండవు, గట్టు తెగిన చోట మాత్రం నీళ్ళు బయటికి గట్టిగా లాగుతాయి. ఎక్కడ దిగొచ్చో ఎక్కడ దిగకూడదో మీ ఫ్రెండ్ వాళ్ళ అన్నని అడగండి, గూగుల్ని కాదు. ఏటా అక్కడే దిగేవాడికి తెలిసినంత ఎవరికీ తెలియదు.

అలలపక్కన:

చదువుతూ చదువుతూ కళ్ళు తడి అయ్యాయి. అందరికీ చాలా థాంక్స్. ఫ్రెండ్‌కి ఫోన్ చేసి అద్దె మాట ధైర్యంగా అడిగేశా, తను ఒక నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత సరే, మూడో వంతు ఇవ్వు, సరుకులు మాత్రం మా అన్నవే అంది. గుండెల మీద బరువు దిగిపోయింది. బాత్రూములు రెండట, పెరట్లో ఇంకో షవర్ ఉందట. మా ఆయన లిస్టు మొత్తం చివరి నాలుగు రోజులకి జరిపేశారు, సరుగుడునీడ గారూ మీ పోస్టు ఆయనకే చదివి వినిపించాను. వెళ్ళొచ్చి రాస్తాను.

ఎబెన్_నుంచి:

మంచిదండి. ఆ నాలుగు రోజుల్లో ఒక పూట పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌కి మాత్రం మీ ఫ్రెండ్‌ని కూడా తీసుకుని వెళ్ళండి. 1849లో కట్టిన డిపో, ఓడ దిగిన కూలీలు ముందు అడుగుపెట్టిన పదహారు మెట్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, 2006లో యునెస్కో జాబితాలో చేరింది. మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో అప్పటి వలస రికార్డులు ఉంటాయి, తన ముత్తాతల పేర్లు తను ఇంకా వెతికించుకోకపోతే మీరు పక్కనుండి ఆ పని చేయించండి. పాత రికార్డుల్లో ఊరి పేర్లు ఇంగ్లీషు దొరలు విన్నట్టు రాసేశారు, అవి ఏ ఊళ్ళో పోల్చుకోవడానికి తెలుగు వచ్చినవాళ్ళు పక్కన ఉంటే ఎంతో మేలు.

అలలపక్కన:

వచ్చి వారమైంది. రాస్తానన్నాను కదా, ఈ రోజు కుదిరింది.

మొదటి రోజు నేనూ చుట్టంలాగే కూర్చున్నా, ఎంత చదువుకుని వెళ్ళినా ఆ మొహమాటం ఉంటుంది. రెండో రోజు పొద్దున వంటింట్లోకి దూరాను, అప్పటికే మా అత్తగారు అక్కడున్నారు! ఆవిడా, వాళ్ళ అమ్మమ్మ గారూ బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని బెంగళూరు వంకాయలు తొక్క తీస్తున్నారు, వాళ్ళు దాన్ని షుషు అంటారు. ఈవిడ తెలుగులో ఆవిడ క్రియోల్‌లో, ఒకరి మాట ఒకరికి తెలియదు, ఆపకుండా మాట్లాడుకుంటూనే ఉన్నారు. అమ్మమ్మ గారికి తొంభై దగ్గర పడుతున్నాయి. అత్తగారు కూర తిన్నారా అమ్మా అని అడిగితే ఆవిడకి అర్థం కాలేదు, కానీ ఆ రాత్రి దీపం పెట్టినప్పుడు రామభజనం ఎత్తుకున్నారు, ఒక్క అక్షరం తప్పు పోకుండా తెలుగులో, కళ్ళు మూసుకుని, పది నిమిషాలు. పాట ఆపాక దాని అర్థం మా అత్తగారినే అడిగారు, ఆవిడ చెప్పింది నేను ఇంగ్లీషులో చెప్తే మా ఫ్రెండ్ మధ్యలో కూర్చుని క్రియోల్‌లో చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ పాడేవాళ్ళట, అలా చెవిన పడి వచ్చిన పాటట. ఎనభై ఏళ్ళు అర్థం తెలియకుండా దాన్ని మోసుకొచ్చారు ఆవిడ. అర్థం చెప్తుంటే ఒక్కో ముక్కకీ తల ఊపుతూ, అవునా అవునా అన్నట్టు మా అత్తగారి చెయ్యి పట్టుకునే ఉన్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం సరుగుడు చెట్టు కింద చాప వేసుకుని పడుకున్నా. కాసేపే అనుకున్నా. లేచేసరికి నీడ నా మీంచి వెళ్ళిపోయి గోడ దాకా పాకింది, నా మీద ఎవరో దుప్పటి కప్పారు, ఎగిరిపోకుండా నాలుగు వైపులా చెప్పులు బరువు పెట్టారు, వాటిలో నా జోడు కూడా లేదు, ఎవరెవరివో. మా బాబు పక్కనే ఇసుకలో ఏదో తవ్వుకుంటూ నాన్న లేపొద్దన్నాడు అన్నాడు. రెండున్నర గంటలు పడుకున్నా. హాస్పిటల్ రోజుల తర్వాత అంత నిద్ర అదే మొదటిసారి. లేచి కూర్చుని కాసేపు ఏడ్చాను, మా నాన్న గుర్తొచ్చి, మా ఫ్రెండ్ వచ్చి ఏం అడక్కుండా పక్కన కూర్చుంది.

నీళ్ళు చల్లగానే ఉన్నాయి. పిల్లలకి పెదాలు నీలం అయ్యేదాకా బయటికి రావడం తెలియలేదు. బ్లూ బేలో అద్దాల అడుగున్న పడవ ఒకసారి ఎక్కాం. దీవికి వెళ్ళాం, తాబేలు మెడ కింద గోకితే మెడ సాగదీసి కళ్ళు మూసుకుంది, బాబు అది వదిలి రానన్నాడు. వకాషియో గురించి అడిగితే ఫ్రెండ్ వాళ్ళ వదిన లేచి వెళ్ళి ఫోన్‌లో ఫొటో చూపించింది, మోచేతుల దాకా నల్లగా. ఆ ఏడాది ఆగస్టులో కాంప్‌మాన్ తీసుకోలేదు, రోజూ ఇంటి నుంచి వచ్చి సంచులు కుట్టి వెళ్ళేవాళ్ళం అంది. మోకాలో రికార్డులకి అర్జీ పెట్టి వచ్చాం, కాగితం ఇంకా రాలేదు, వస్తే ఊరి పేరు ఇక్కడ పెడతాను, పోల్చుకునేవాళ్ళు సాయం చేయండి.

రెండు_సూట్‌కేసులు గారూ, ఎయిర్‌పోర్టులో ఆ ఉత్తరం అడిగారు, అత్తగారి దగ్గర తన కాపీ తనకే ఉండటం ఎంత పనికొచ్చిందో. ఉప్పునీళ్ళు గారూ, సీ షూస్ అందరికీ కొన్నాం, అడుగున సీ అర్చిన్ ముళ్ళు విరిగి రెండు గుచ్చుకుని ఉన్నాయి బాబు షూలో, లోపలికి దిగలేదు. బయల్దేరే రోజు అవి తడిగా ఉన్నాయని సూట్‌కేసులో పెట్టకుండా బయట వదిలేశాను. అమ్మమ్మ గారు పిల్లల జతలు రెండూ మంచినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, వచ్చే ఆగస్టుకి తెస్తానని తన గుడ్డ సంచిలో వేసుకున్నారు. కాళ్ళు పెరుగుతాయండీ, అప్పటికి పట్టవు అని మా ఫ్రెండ్‌తో చెప్పించాను. పట్టకపోతే ఇంకో జత కొంటాను, ముందు రమ్మను అన్నారట.